గైడు చెప్పే కథ, కట్టడం చెప్పే సాక్ష్యం: హైదరాబాదు చారిత్రక కట్టడాలు

చరిత్ర రచనకు ఉపయోగపడే ఆధారాలను గురించి వెనుకటి పాఠాల్లో చదివారు. శాసనాలు, నాణేలు, కట్టడాలు, ఆస్థాన చరిత్రలు, విదేశీ యాత్రికుల రాతలు, మౌఖిక సంప్రదాయం - వీటిలో ప్రతిదానికీ కొంత బలం, కొంత పరిమితి ఉంటాయని తెలుసుకున్నారు. ఈ పాఠంలో ఆ సంగతులనే ఒక నగరానికి అన్వయించి చూద్దాం. 1591లో కుతుబ్ షాహీల కొత్త నగరంగా మొదలై, తర్వాత ఆసఫ్ జాహీల రాజధానిగా పెరిగి, నేడు తెలంగాణ రాజధానిగా ఉన్న హైదరాబాదు ఆ నగరం. మీలో చాలామంది చూసే ఉంటారు. చూడనివారికి కూడా చార్మినార్ బొమ్మ పరిచయమే.

చార్మినార్ దగ్గరకు వెళ్ళినవారికి కథలకు కొదవ ఉండదు. ప్లేగు తగ్గినందుకు మొక్కుబడిగా కట్టించారని ఒకరంటారు. సుల్తాను తన ప్రేయసిని మొదటిసారి చూసిన చోటు ఇదేనని మరొకరంటారు. ఇక్కడి నుంచి గోల్కొండకు సొరంగం ఉందని ఇంకొకరంటారు. చరిత్రకారులు ఇలాంటి కథలను సాధారణంగా ఒక్క వాక్యంలో తోసిపుచ్చుతారు. ఆ పద్ధతి నాకు నచ్చదు. తోసిపుచ్చడానికైనా కారణం చూపాలి. ఆ కారణం కథ చెప్పినవాడికి కూడా అర్థం కావాలి.

ఈ పాఠానికి ప్రేరణ ఒక టూరిస్టు గైడు. పాతబస్తీలో పదేళ్ళకు పైగా యాత్రికులను తిప్పుతూ, మధ్యలో ఆగిపోయిన చదువును దూరవిద్య ద్వారా కొనసాగించాలని మా అధ్యయన కేంద్రంలో చేరాడు. ఉర్దూ ధారాళంగా మాట్లాడతాడు, కూడబలుక్కుని చదవగలడు. పారశీకం రాదు. ఒక ఆదివారం తరగతిలో మధ్యయుగ దక్కను చరిత్రకు ఆధారాలన్నీ పారశీక భాషలో ఉన్నాయని నేను చెబుతుంటే లేచి నిలబడ్డాడు. "సార్, గట్లయితే పారశీకం రానోళ్ళం మేం ఏం తెలుసుకోలేమా?" అని అడిగాడు. వెంటనే ఇంకో ప్రశ్న వేశాడు. "పురానా పుల్ కట్టిన్నాడు షెహజాదాకు ఎన్నేండ్లుంటయి సార్?"

ఆ రెండో ప్రశ్నలోనే మొదటిదానికి జవాబుంది. ఆ తర్వాత కొన్ని నెలలపాటు అతను కనిపెట్టిన సంగతులను, వాటి మీద మేము చేసుకున్న చర్చను ఇక్కడ మీ ముందు పెడుతున్నాను. ఇవన్నీ ప్రపంచానికి కొత్త సంగతులు కావు. కొన్నిటిని పండితులు అరవై ఏళ్ళ కిందటే రాశారు. కాని వాటిని అతను పుస్తకంలో చూడలేదు. తిరుగుతూ, లెక్కపెడుతూ తనంతట తాను పట్టుకున్నాడు. మీ దగ్గర గ్రంథాలయం లేకపోయినా, మూలభాష రాకపోయినా ఎంతవరకు వెళ్ళవచ్చో తెలియాలంటే ఈ సంగతులు చూడాలి.

పురానా పుల్: ఒక తీసివేత లెక్క

మూసీ నది మీద కట్టిన మొదటి వంతెన పురానా పుల్. దీన్ని 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించాడు. ఇతను 1550 నుంచి 1580 వరకు గోల్కొండను పాలించిన సుల్తాను. యౌవనంలో ఏడేళ్ళపాటు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో గడిపాడు. తెలుగు కవులు ఇతన్ని మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఇతనికే అంకితమిచ్చాడు.

వంతెన గురించి గైడులు చెప్పే కథ మీరూ వినే ఉంటారు. ఇబ్రహీం కుమారుడు మహమ్మద్ కులీ మూసీ అవతలి ఒడ్డున ఉన్న చిచ్లం గ్రామంలోని భాగమతి అనే నర్తకిని ప్రేమించాడు. ఒక రాత్రి వరద పోటెత్తిన నదిలోకి గుర్రాన్ని దూకించి ఆమె దగ్గరకు వెళ్ళాడు. కొడుకు ప్రాణాల మీద బెంగతో తండ్రి నదికి వంతెన కట్టించాడు. వినడానికి బాగుంటుంది. వంతెన మీద నిలబడి వింటే ఇంకా బాగుంటుంది.

మన గైడు చేసింది చిన్న పని. తను రోజూ వల్లించే సంవత్సరాలను ఒక కాగితం మీద వరసగా రాసుకున్నాడు. మహమ్మద్ కులీ పుట్టింది 1565-66 ప్రాంతంలో. వంతెన పూర్తయింది 1578లో. తీసివేస్తే పన్నెండు, పదమూడు వస్తుంది. అంత వంతెన కట్టడానికి కొంతకాలం పడుతుంది కదా. పని మొదలుపెట్టేనాటికి రాజకుమారుడి వయసు ఇంకా తక్కువ. "ఆరో తరగతి పోరడు సార్" అన్నాడు గైడు. తరగతి అంతా నవ్వింది.

ప్రొఫెసర్ హెచ్. కె. షేర్వానీ ఈ వయసు లెక్కను ఎప్పుడో ఎత్తిచూపారు. మహమ్మద్ కులీ మీద ఆయన రాసిన గ్రంథం 1967లో వెలువడింది. గైడు ఆ పేరు అప్పటికి వినలేదు. ఇద్దరూ ఒకే చోటికి చేరారు. లెక్క ఎవరు చేసినా ఒకటే కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు.

అయితే ఇక్కడే జాగ్రత్త కావాలి. ఈ లెక్క వల్ల ఏం తేలింది? వంతెనకు ప్రేమకథ కారణం కాదని తేలింది. అంతే. భాగమతి లేదని తేలలేదు. ఇవి రెండు వేరువేరు ప్రశ్నలు. పరీక్షల్లో చాలామంది విద్యార్థులు వీటిని కలిపేస్తారు. వంతెన కథ తప్పు కాబట్టి భాగమతి కల్పితం అని రాస్తారు. ఒక స్త్రీ గురించి అల్లిన కథల్లో ఒకటి తప్పయినంత మాత్రాన ఆ స్త్రీయే లేదని చెప్పలేం.

మరి వంతెన ఎందుకు కట్టినట్లు? పటం తీసుకుని చూడండి. గోల్కొండ కోట మూసీకి ఉత్తరాన ఉంది. కోట నుంచి తూర్పుగా వస్తే వర్తకుల పేట కార్వాన్, అది దాటితే పురానా పుల్, వంతెన దాటితే దక్షిణపు ఒడ్డు, అక్కడి నుంచి తూర్పు తీరానికి, అంటే మచిలీపట్నం రేవుకు దారి. గోల్కొండ ఐశ్వర్యానికి వజ్రాలు ఎంత కారణమో, మచిలీపట్నం నుంచి ఓడలెక్కే బట్టలు కూడా అంతే కారణం. వర్షాకాలంలో మూసీ అడ్డం పడితే ఆ వర్తకం ఆగిపోతుంది. ఇది నా ఊహే. కాని పటం మీద వేలు పెట్టి చూపగలిగిన ఊహ. పైగా వంతెన 1578లో వచ్చింది, నగరం 1591లో వచ్చింది. నగరం కోసం వంతెన కట్టలేదు. వంతెన ఉన్న వైపుకు నగరం వచ్చింది. 17వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే ఈ వంతెన పారిస్ నగరంలోని పాంట్ నఫ్ వంతెనకు అందంలో పెద్దగా తీసిపోదని రాశాడు.

భాగమతి: ఉన్న రాతలు, లేని రాతలు

వంతెన సంగతి తేలాక గైడుకు సహజంగా వచ్చిన ప్రశ్న - భాగమతి ఉందా, లేదా? ఈ విషయంలో నేను అతనికి సూటిగా జవాబు చెప్పలేదు, మీకూ చెప్పను. ఆధారాలు ఎలా ఉన్నాయో చెబుతాను.

అక్బరు చక్రవర్తి 1591లో తన ఆస్థాన కవి ఫైజీని దక్కనుకు రాయబారిగా పంపాడు. అతను అక్బరుకు పంపిన నివేదికలో భాగమతి పేరు, ఆమె పేరిట భాగ్‌నగర్ అనే పట్టణం వెలసిన సంగతి ఉన్నాయి. అంటే నగరం పుట్టిన కొద్దికాలానికే రాసిన రాత ఇది. బలమైన ఆధారంలా కనిపిస్తుంది. కాని ఫైజీ పని అంతా అహ్మద్‌నగర్, బుర్హాన్‌పూర్‌ల వైపు. అతను కొత్త నగరాన్ని కళ్ళారా చూసి రాసినది కాదు. మొగలాయి రాయబారికి దక్కను సుల్తానులను తక్కువ చేసి చూపే అలవాటు ఉండవచ్చు. తర్వాత బీజాపూరు ఆస్థానంలో ఉన్న ఫెరిష్తా కూడా ఇదే కథ చెప్పి, సుల్తాను తర్వాత పశ్చాత్తాపపడి నగరం పేరును హైదరాబాదుగా మార్చాడని రాశాడు. టావెర్నియే కాలానికి ఆమె పేరు 'నగర్' అయింది, ఆమె సుల్తాను భార్యల్లో ఒకరయింది. కథ నోట నోట మారుతూ పోయే తీరు ఇందులో స్పష్టంగా కనబడుతుంది.

ఇటువైపు చూస్తే, కుతుబ్ షాహీల ఆస్థాన చరిత్రలో భాగమతి ప్రస్తావన లేదు. ఆమె పేరిట శాసనం లేదు. గైడు ఇంకొక సంగతి పట్టుకొచ్చాడు. కుతుబ్ షాహీ సమాధుల తోటలో తారామతి, ప్రేమామతి అనే ఇద్దరు కళావంతులవిగా చెప్పే సమాధులున్నాయి. నగరానికే పేరు ఇచ్చిందని చెప్పే స్త్రీ సమాధి ఎక్కడ? ఇది మంచి ప్రశ్న. కాని ఆ తోటలో శాసనం లేని సమాధులూ ఉన్నాయి. ఎవరివో తెలియని సమాధులు కొన్ని ఉన్నప్పుడు ఫలానావారికి సమాధి లేదని గట్టిగా చెప్పలేం. ఇక ఆస్థాన చరిత్రల మౌనానికి కూడా రెండు అర్థాలు తీయవచ్చు. ఆమె లేదు కాబట్టి రాయలేదు అనవచ్చు. 1612లో మహమ్మద్ కులీ తర్వాత గద్దెనెక్కినవాడు అతని అల్లుడు, తమ్ముడి కొడుకు కూడా. మామగారి యౌవన విశేషాలు అల్లుడి ఆస్థానంలో రాయడం మర్యాద కాదనుకున్నారు అని కూడా అనవచ్చు.

షేర్వానీ భాగమతి కథను కాదన్నారు. భాగ్‌నగర్ అనే మాటకు తోటల నగరం అనే అర్థం కుదురుతుందన్నారు. హైదరాబాదు చరిత్ర మీద విస్తారంగా రాసిన నరేంద్ర లూథర్ ఆమె ఉందన్నారు. ఇద్దరూ ఉద్దండులే. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే మీరు ఎవరి పక్షాన రాసినా మార్కులు వస్తాయి, ఆధారాన్ని తూచి రాసినట్లయితే.

చార్మినార్: అక్షరాలు, పిల్లి, గడియారం

చార్మినార్ కట్టిన సంవత్సరాన్ని 'యా హాఫిజ్' అనే మాటతో గుర్తుపెట్టుకోవడం పరిపాటి. అరబ్బీ లిపిలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. దీన్ని అబ్జద్ లెక్క అంటారు. మనకు కటపయాది ఉన్నట్లే అనుకోండి. గైడు ఈ పద్ధతిని లాడ్ బజారులో ఒక పెద్దమనిషి దగ్గర నేర్చుకుని తానే కూడాడు. యే 10, అలిఫ్ 1, హే 8, మళ్ళీ అలిఫ్ 1, ఫే 80, జోయ్ 900. మొత్తం 1000. అది హిజ్రీ సంవత్సరం. హిజ్రీ 1000 మన లెక్కన 1591 అక్టోబరులో మొదలై 1592 అక్టోబరులో ముగుస్తుంది. కొన్ని పుస్తకాల్లో 1591 అని, కొన్నిటిలో 1592 అని ఉండటం చూసి మీరు తికమకపడి ఉంటారు. కారణం ఇదే. రెండింటిలో ఒకటి అచ్చుతప్పు కాదు.

ఆ మాటకు అర్థం 'ఓ రక్షకా' అని. ప్లేగు నుంచి రక్షించినందుకు కట్టిన కట్టడమనే కథకు ఈ అర్థం ఊతమిచ్చి ఉండవచ్చు. అయితే ఆనాటి గోల్కొండ చరిత్రల్లో ప్లేగు ప్రస్తావన కనబడదు. హిజ్రీ శకం వెయ్యో ఏడు వచ్చిన సందర్భానికి గుర్తుగా కట్టి ఉంటారని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. సంఖ్యను చూస్తే ఈ అభిప్రాయంలో పస ఉందనిపిస్తుంది.

ఇక పిల్లి సంగతి. చార్మినార్ గచ్చు అలంకరణలో ఒకచోట పిల్లి తలలా కనిపించే చిన్న ముఖం ఉంది. ప్లేగు ఎలుకల వల్ల వస్తుంది, ఎలుకలను పట్టేది పిల్లి, అందుకే పిల్లి బొమ్మ పెట్టారు - ఇదీ గైడులు చెప్పే వివరణ. మన గైడు దీని మీద ఒక తెలివైన వాదం తయారు చేసుకొచ్చాడు. ప్లేగు క్రిమిని యెర్సిన్ హాంగ్‌కాంగ్‌లో కనిపెట్టింది 1894లో. ఎలుకల మీది గోమార్ల ద్వారా అది వ్యాపిస్తుందని సైమండ్ చెప్పింది 1898లో. కాబట్టి 1591లో పిల్లికీ ప్లేగుకూ ముడిపెట్టడం ఎవరికీ సాధ్యం కాదు, ఈ వివరణ 1898 తర్వాత పుట్టినదే. వినగానే కుదిరినట్లుంది కదా!

కుదరలేదు. జహంగీరు చక్రవర్తి తన ఆత్మకథలో 1618-19 చలికాలంలో ఆగ్రా ప్రాంతంలో వచ్చిన ప్లేగు గురించి రాశాడు. ఒక ఇంటి ముంగిట్లో ఎలుక తాగినవాడిలా తూలుతూ తిరిగింది. దాన్ని పట్టి పిల్లికి వేశారు. పిల్లి నోట కరుచుకుని వెంటనే వదిలేసి జబ్బు పడింది. ఆ తర్వాత ఇంట్లోవాళ్ళకు గడ్డలు లేచి మరణాలు మొదలయ్యాయి. ఆ కుటుంబపు స్త్రీ ఒకామె చెప్పిన వివరంగా జహంగీరు దీన్ని నమోదు చేశాడు. అంటే క్రిమి సంగతి తెలియకపోయినా, ఎలుకలు చావడానికీ ఆ జబ్బుకూ సంబంధముందని చూసినవాళ్ళు అప్పటికే ఉన్నారు. శాస్త్రం కనిపెట్టిన తేదీ, జనం గమనించిన తేదీ ఒకటే అనుకోకూడదు. ఈ మాట చెప్పినప్పుడు గైడు ముఖం చిన్నబుచ్చుకున్నాడు కాని, మరుసటి వారం ఇంకో ప్రశ్నతో వచ్చాడు. అసలు ఆ ముఖం మొదటినుంచీ ఉందా, మరమ్మతుల్లో ఎవరైనా మేస్త్రీ సరదాకు చెక్కాడా? గచ్చుపని ఊడుతుంది, మళ్ళీ చేస్తారు. 2019 మే నెలలో ఒక మీనారు నుంచి అలంకరణ ముక్క ఊడిపడిన వార్త మీరు చదివే ఉంటారు. నాలుగు వందల ఏళ్ళలో అలాంటివి ఎన్ని జరిగి ఉంటాయి! కాబట్టి పిల్లిని అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఎందుకున్నావు' అని కాదు, 'ఎప్పటినుంచి ఉన్నావు' అని.

దీనికి పాత ఛాయాచిత్రాలు కావాలి. ఫొటోల విషయంలో గైడు కనిపెట్టిన కిటుకు నాకు బాగా నచ్చింది. చార్మినార్ నాలుగు వైపులా ఉన్న గడియారాలను 1889లో అమర్చారు. పాతబస్తీలో యాత్రికులకు అమ్మే పాత చార్మినార్ ఫొటోల్లో గడియారం ఉందా లేదా అని చూస్తాడు. లేకపోతే ఆ ఫొటో 1889కి ముందుది. ఉంటే తర్వాతిది. కింద అచ్చువేసిన సంవత్సరం ఏదైనా సరే, గడియారం మాట వినాలి. అమ్మేవాళ్ళు అతన్ని చూస్తే ఇప్పుడు ఫొటోలు లోపల పెట్టేస్తారట!

బాద్షాహీ ఆషూర్‌ఖానా: రంగు మారిన గోడ

చార్మినార్‌కు జనం బారులు తీరతారు. అక్కడికి దగ్గరలోనే, మదీనా కూడలి పక్కన ఉన్న బాద్షాహీ ఆషూర్‌ఖానాకు వచ్చేవారు చాలా తక్కువ. ముహర్రంలో అలములు, అంటే పీర్లు నిలిపే ఈ మందిరాన్ని మహమ్మద్ కులీ 1590ల్లో కట్టించాడు. గోడల నిండా పరిచిన రంగురంగుల మెరుపు పెంకుల పని 1611 నాటిది. నీలం, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో అంత నాజూకైన పని దక్కనులో అరుదు. బయట ఎత్తైన చెక్క స్తంభాల వరండా మాత్రం ఆసఫ్ జాహీల కాలంలో చేర్చినది.

గైడు అక్కడ ఒక సాయంత్రం ఒంటరిగా కూర్చుని ఉండగా, ఏటవాలు వెలుతురులో గోడ పైభాగం మెరుస్తోంది, కింద కొంతమేర మాత్రం మెరవడం లేదు. దగ్గరకు వెళ్ళి చూశాడు. పైన పెంకుల మధ్య అతుకులు కనబడుతున్నాయి. కింద అతుకులు లేవు. అది పెంకుల పని కాదు, పెంకుల మాదిరిగా వేసిన రంగు. పెద్దలను అడిగితే కారణం చెప్పారు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో నీళ్ళు లోపలికి చేరి కింది భాగంలో పెంకులు దెబ్బతిన్నాయి. తర్వాత ఆ చోటును రంగులతో పూరించారు.

1908 వరద గురించి మీరు లెక్కలు చదివారు. దాదాపు 15,000 మంది చనిపోయారని, నది మీది మిగతా వంతెనలు కొట్టుకుపోయి పురానా పుల్ ఒక్కటే రెండు ఒడ్డులనూ కలిపి ఉంచిందని, ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయని పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నూట యాభై మంది ఎక్కి ప్రాణాలు కాపాడుకున్నారని చెప్పే చింతచెట్టు కూడా ఉంది. కాని ఒక గోడ మీద మెరుపు ఆగిపోయిన చోట చేయి పెట్టి నిలబడితే ఆ వరద మనిషి ఎత్తుకు వస్తుంది. ఇది గైడు మాట. నేను కొంచెం సవరిస్తాను. రంగు మొదలైన గీత సరిగ్గా నీళ్ళు నిలిచిన గీతే అని చెప్పలేం. చెమ్మ గోడలో పైకి పాకుతుంది. మరమ్మతు చేసినవాడు తనకు వీలైన చోట గీత గీసుకుంటాడు. ఆ గీత వరద జరిగిందని చెబుతుంది కాని, ఎత్తు కొలిచి చెప్పదు.

ఇంకొక మాట. ఆ రంగులు వేసినవాళ్ళు పెంకులను చూసి జాగ్రత్తగా అనుకరించారు. అయినా తేడా తెలుస్తోంది. ఆ తేడా తెలియడమే మన అదృష్టం. ఇవాళ మరమ్మతుల పేరుతో పాత గచ్చు మీద సిమెంటు పూసి, రంగు కొట్టి, అంతా ఒకేలా కొత్తగా చేసే పని ఎన్నో ఊళ్ళలో జరుగుతోంది. గుడిలోనైనా, మసీదులోనైనా, కోటలోనైనా ఒకసారి అలా చేశాక ఏది 1611, ఏది 1908 తర్వాత అనే ప్రశ్న వేయడానికి కూడా చోటుండదు.

మరికొన్ని

గోల్కొండ నుంచి చార్మినార్‌కు సొరంగం ఉందనే మాటకు పురావస్తు ఆధారం లేదు. గైడు ఇందుకు పటం ఒక్కటే చూపుతాడు. రెండింటి మధ్య ఎనిమిది కిలోమీటర్లకు పైగా దూరం, మధ్యలో మూసీ. నది కిందుగా అంత పొడవు సొరంగం తవ్వగలిగినవాళ్ళకు పైన వంతెన కట్టే అవసరమేముంది?

గోల్కొండ ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే బాలా హిస్సారు పైన వినబడటం మాత్రం నిజమే. మీరే కొట్టి చూడవచ్చు. అయితే శత్రువు రాకను తెలపడానికే అలా కట్టారన్నది వేరే మాట. శబ్దం పరీక్షించగలిగిన విషయం. ఉద్దేశం మన ఊహ.

మక్కా మసీదు మధ్య కమానులో మక్కా మట్టితో చేసిన ఇటుకలున్నాయని చెబుతారు. ఆ కథ అలా ఉండనిచ్చి, టావెర్నియే రాసినది చెప్పండి, జనం ఇంకా శ్రద్ధగా వింటారు. మసీదు అప్పటికి పూర్తి కాలేదు. అందులోని ఒక భారీ రాతిని గని నుంచి తీయడానికి ఐదారు వందల మందికి ఐదేళ్ళు పట్టిందని, దాన్ని లాగడానికి 1,400 ఎద్దులు కావలసివచ్చాయని అతనికి చెప్పారట. మొదలుపెట్టింది సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా, ముగించింది 1694లో ఔరంగజేబు. కట్టడం మొదలుపెట్టిన వంశాన్ని కూల్చినవాడే కట్టడాన్ని పూర్తి చేశాడు.

మూసారాంబాగ్ అనే పేరులో ఒక ఫ్రెంచివాడున్నాడు. రెండో నిజాం దగ్గర సైన్యానికి శిక్షణ ఇచ్చి 1798లో చనిపోయిన రేమండ్‌ను ముస్లింలు మూసా రహీం అని, హిందువులు మూసా రాం అని పిలుచుకున్నారు. అతని సమాధి ఆ ప్రాంతంలోనే ఉంది. గైడు ఇరవై ఏళ్ళుగా అదే బస్టాపులో దిగుతున్నాడు. పేరు గురించి ఆలోచించింది మాత్రం ఈ కోర్సులో చేరాకే.

బక్షీసు సంగతి

ఇవన్నీ తెలుసుకున్నాక గైడుకు చిక్కు వచ్చింది. పురానా పుల్ మీద ప్రేమకథ చెప్పిన రోజున బక్షీసు బాగా వస్తుంది. సంవత్సరాలు చెప్పిన రోజున దండం పెట్టి వెళ్ళిపోతారు. కథలు పాడుచేస్తున్నాడని ఒక టూరు నిర్వాహకుడు అతన్ని పిలవడమే మానేశాడు. అతనికి ఇది చిన్న విషయం కాదు. ఇద్దరు పిల్లల ఫీజులు ఆ బక్షీసుల మీదే నడుస్తాయి. "నిజం చెప్తే కడుపు నిండదా సార్?" అని అడిగితే నా దగ్గర తయారుగా జవాబు లేదు. విశ్వవిద్యాలయంలో జీతం తీసుకుంటూ నిజం చెప్పడం సులువు.

దారి అతనే వెతుక్కున్నాడు. ఇప్పుడతను వంతెన మీద ప్రేమకథ పూర్తిగా చెబుతాడు. గుర్రం, వరద, తండ్రి బెంగ, ఏదీ వదలడు. చివర్లో యాత్రికుల్లో ఉన్న పిల్లల్లో ఒకరిని ముందుకు పిలిచి, 1578లో నుంచి 1565 తీసేయమంటాడు. పిల్లవాడు పదమూడు అంటాడు. నీ వయసెంత అని అడుగుతాడు. సాధారణంగా ఆ పిల్లవాడిది కూడా పది, పన్నెండు మధ్యలో ఉంటుంది. పెద్దలు నవ్వుతారు. అప్పుడు పటం తీసి మచిలీపట్నం చూపిస్తాడు. బక్షీసు మునుపటంత రాకపోయినా, వస్తోందట. భాగమతి ఉందా అని ఎవరైనా అడిగితే ఇటువైపు సాక్షులు వీళ్ళు, అటువైపు సాక్షులు వీళ్ళు అని పేర్లు చెప్పి, నిర్ణయం వాళ్ళకే వదిలేస్తాడు.

అభ్యాసం

మీ ఊళ్ళోనో, పక్క ఊళ్ళోనో ఉన్న పాత కట్టడం ఒకటి ఎంచుకోండి. చెరువు కట్ట తూము, మెట్ల బావి, బురుజు, దర్గా, గుడి, పాత రైల్వే స్టేషను - ఏదైనా ఫరవాలేదు. దాని గురించి ఊళ్ళో చెప్పే కథను చెప్పినవారి మాటల్లోనే రాసుకోండి. వారి పేరు, వయసు, వారికి ఎవరు చెప్పారో కూడా రాయండి. తర్వాత ఆ కథలో పరీక్షించగలిగిన అంశం ఒక్కటి వెతకండి. అది రెండు సంవత్సరాల మధ్య తేడా కావచ్చు, దిక్కు కావచ్చు, దూరం కావచ్చు, గోడలో రెండు రకాల రాయి కలిసిన అతుకు కావచ్చు. మీ పరీక్షలో ఏం తేలిందో, ఏం తేలలేదో విడివిడిగా రాయండి. రెండు పేజీలు మించవద్దు. అధ్యయన కేంద్రంలో తర్వాతి ఆదివారం తరగతికి ఆ కాగితాలతో పాటు, వీలైతే ఆ కట్టడం పాత ఫొటో ఒకటి తీసుకురండి.